ఎడారిలోకి స్లీపర్ ప్రయాణం: మేలో వద్దు, జనవరిలో వెళ్లండి

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. మావారు, నేను, తొమ్మిదేళ్ల బాబు, 64 ఏళ్ల మా అత్తగారు కలిసి మే సెలవుల్లో జైసల్మేర్ వెళ్దామనుకుంటున్నాం. స్లీపర్‌కి మించి పెట్టుకోలేం. అత్తగారు బీపీ మాత్రలు వేసుకుంటారు, మోకాళ్ల నొప్పులున్నాయి. బాబుకి దుమ్ము పడితే ఆయాసం వస్తుంది. ఎడారిలో స్లీపర్ ప్రయాణం తట్టుకోగలమా? ఏ బెర్తులు తీసుకోవాలి? నీళ్లు, బట్టలు, తిండి ఎంతెంత పట్టుకెళ్లాలి?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: తట్టుకోగలరు. మేలో మాత్రం వద్దు. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్లే దారిలో ఫలోదీ అనే స్టేషన్ ఉంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీల ఎండ నమోదైంది. అంత ఎండ ఏటా రాకపోయినా మేలో 42 నుంచి 46 అక్కడ మామూలే. స్లీపర్ పెట్టె ఇనుప డబ్బా. మధ్యాహ్నానికి పైకప్పు కాలి, పై బెర్తులో పడుకున్నవాళ్ల మీదికే ఆ వేడి దిగుతుంది. ఫ్యాను తిప్పేదీ ఆ వేడి గాలినే. బీపీ ఉన్న పెద్దావిడని, ఆయాసం ఉన్న పిల్లాడిని ఆ పెట్టెలో కూర్చోబెట్టమని ఎవరూ చెప్పకూడదు. మే తప్ప కుదరదంటే థర్డ్ ఏసీ టిక్కెట్టు దొరికితేనే కదలండి, లేకపోతే మానుకోండి.

తీరప్రాంతం వాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. మనకి అలవాటైన ఎండ వేరు, ఎడారి ఎండ వేరు. శ్రీకాకుళంలో 36 డిగ్రీలకే చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. అది చిరాకు పెట్టినా, ఒంట్లో నీళ్లు పోతున్నాయని మాత్రం తెలుస్తుంది. జైసల్మేర్ ఉన్న థార్ ఎడారిలో గాలి పొడి. చెమట పట్టిన మరుక్షణమే ఆరిపోతుంది. ఒళ్లు తడిగా ఉండదు, చిరాకు ఉండదు, దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది. తలనొప్పి మొదలయ్యాక గానీ విషయం అర్థం కాదు. రాత్రయితే ఇదే తిరగబడుతుంది. తేమ, మబ్బు లేని చోట నేల పగటి వేడిని పట్టి ఉంచుకోలేదు, పొద్దుగూకిన రెండు మూడు గంటల్లోనే చలి దిగుతుంది. మీ సర్దుబాటంతా ఈ పొడిగాలికి, ఆ రాత్రి చలికి, వీటితో పాటు వచ్చే దుమ్ముకి జరగాలి.

వెళ్లడానికి అన్నిటికంటే మంచి కాలం నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు. బాబు బడి చూసుకోవాలి కాబట్టి సంక్రాంతి సెలవులు మీకు సరిపోతాయి. పండగ ఇంట్లో చేసుకోకుండా బయల్దేరడం అత్తగారికి ఇష్టం ఉండదు. కనుమ దాటాక బయల్దేరండి, బాబుకి నాలుగు రోజులు బడి పోయినా పరవాలేదు. రెండో ఎంపిక దసరా సెలవులు. అప్పటికి రాత్రులు చల్లబడతాయి గానీ మధ్యాహ్నం ఎండ ఇంకా మండుతూనే ఉంటుంది.

ఇప్పుడు దారి. మీకు దగ్గరి స్టేషన్ శ్రీకాకుళం రోడ్డే అయినా, రైలెక్కాల్సింది విజయనగరంలో. రాయపూర్ లైను అక్కడే చీలి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా పోతుంది. విశాఖపట్నం నుంచి భగత్ కీ కోఠీకి వారానికొక్క బండి ఈ లైనులో వెళ్తుంది. భగత్ కీ కోఠీ అంటే జోధ్‌పూర్ ఊళ్లోదే, పెద్ద స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరం. ప్రయాణం రెండు వేల కిలోమీటర్ల పైనే, ఒకటిన్నర రోజుకి తక్కువ కాదు. సమతా ఎక్స్‌ప్రెస్‌లో నిజాముద్దీన్ వెళ్లి, ఢిల్లీ నుంచి జైసల్మేర్ బండి పట్టుకోవడం ఇంకో దారి. జనవరిలో అది వద్దు. ఢిల్లీ చుట్టుపక్కల పొగమంచుకి బళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, పైగా ముసలావిడతో స్టేషన్ మారాలి. బండి నడిచే రోజు, సమయం మారుతుంటాయి కాబట్టి టిక్కెట్టు తీసే రోజున రైల్వే యాప్‌లో చూసుకుని ఖాయం చేసుకోండి.

రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు, ప్రయాణం రోజు ఆ లెక్కలోకి రాదు. జనవరి 17న ఎక్కాలంటే నవంబర్ 18 ఉదయం 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ముందే చేసి పెట్టుకోండి. ఆ రోజు పొద్దున్న చేద్దామనుకుంటే ఓటీపీ వచ్చేలోపే బెర్తులు అయిపోతాయి. తత్కాల్‌ని నమ్ముకోవద్దు. వెయిటింగ్ లిస్టు టిక్కెట్టుతో స్లీపర్‌లోకి ఎక్కనివ్వరు. ఆన్‌లైన్‌లో తీసినదైతే చార్టు అయ్యేసరికి దానంతటదే రద్దవుతుంది.

బెర్తుల సంగతి. ప్రతి అరలోనూ 8 బెర్తులు. 1, 4 కింది బెర్తులు. 2, 5 మధ్యవి. 3, 6 పైవి. 7 పక్క కింది బెర్తు, 8 పక్క పైది. తర్వాతి అరలో 9 నుంచి మళ్లీ ఇదే వరస. పాత పెట్టెలో 72 బెర్తులుంటాయి, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలో 80. ఎడారి ప్రయాణానికి పెట్టె మధ్యలోని అరలు మంచివి, అంటే 25 నుంచి 48 లోపు. తలుపులు తెరిచినప్పుడల్లా ఇసుక, చలిగాలి ముందుగా చివరి అరల్లోకి వస్తాయి. మరుగుదొడ్డి వాసన కూడా అక్కడే.

అత్తగారికి కింది బెర్తు తప్పనిసరి. 45 దాటిన ఆడవాళ్లకి, 60 దాటిన మగవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది గానీ, ఒక్కరే ప్రయాణిస్తున్నప్పుడో, ఒకే టిక్కెట్టు మీద అలాంటివాళ్లు ఇద్దరున్నప్పుడో మాత్రమే అది వర్తిస్తుంది. నలుగురి పేర్లు ఒకే టిక్కెట్టులో పెడితే ఆ కోటా దొరకదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మీకు రెండు మార్గాలున్నాయి. నలుగురికీ ఒకే టిక్కెట్టు తీస్తూ ‘కనీసం ఒక కింది బెర్తు వస్తేనే బుక్ చెయ్యి’ అనే గడిలో టిక్ పెట్టడం మొదటిది. బుకింగ్ తెరిచిన రోజే తీస్తే ఇదే మేలు, అందరూ ఒక్క చోట ఉంటారు. అది కుదరకపోతే అత్తగారికి కోటాలో విడిగా తీసి, వచ్చిన పెట్టె నంబరునే మీ ముగ్గురి టిక్కెట్టులో కోరుకోండి. పక్క కింది బెర్తు ఆవిడకి వద్దు. పగలంతా పై బెర్తు ప్రయాణికుడితో పంచుకోవాలి, చలికాలంలో కిటికీ సందులోంచి గాలి నేరుగా నడుముకి కొడుతుంది. బాబుకి జనవరి రాత్రి పై బెర్తు వెచ్చగా ఉంటుంది, దుమ్మూ తక్కువే. నిద్రలో పొర్లే అలవాటుంటే మధ్య బెర్తు ఇచ్చి, బెర్తు గొలుసుల మధ్య దుప్పటి అడ్డంగా కట్టండి. మధ్య బెర్తు ఎత్తి పడుకునే వేళ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. మోకాళ్ల నొప్పులవాళ్లు ముందే కాళ్లు చాపుకోవాలంటే తోటి ప్రయాణికుల్ని మంచిగా అడగాలి.

నీళ్ల లెక్క చెబుతాను. జనవరిలో మనిషికి రోజుకి 3 లీటర్లు, దసరా వేళ 4 లీటర్లు. మొత్తం ఇంటి నుంచి మొయ్యక్కర్లేదు. నాగ్‌పూర్ లాంటి పెద్ద స్టేషన్లలో సీసాలు దొరుకుతాయి. రైల్ నీర్ లీటరు సీసా 14 రూపాయలు. మీ చేతిలో ఎప్పుడూ మనిషికి లీటరు తగ్గకుండా చూసుకుంటే చాలు. జోధ్‌పూర్‌లో జైసల్మేర్ బండి ఎక్కేటప్పుడు మాత్రం మనిషికి 2 లీటర్లు పట్టుకునే ఎక్కండి. ఆ మూడు వందల కిలోమీటర్లలో స్టేషన్లు చిన్నవి, ఆగేది కాసేపే, దుకాణం మీ పెట్టె ఎదుట ఉంటుందన్న నమ్మకం లేదు. పెట్టెలోని కుళాయి నీళ్లు ముఖం కడుక్కోవడానికే, తాగడానికి కాదు.

దాహం వేసేదాకా ఆగకండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకొక గ్లాసు తాగాలి. మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, అత్తగారు కూడా అదే చేస్తారు. పొడిగాలిలో అది ప్రమాదం. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. చిక్కటి పసుపుకి తిరిగినా, బాబు ఆరు గంటలుగా మూత్రానికి వెళ్లకపోయినా వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. పెద్ద ప్యాకెట్టు పూర్తిగా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్టు వేస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకి కీడు చేస్తుంది. 200 మిల్లీలీటర్లకి సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి కాబట్టి, కలిపే ముందు పైన రాసిన కొలత చదవండి. దుకాణంలో తియ్యటి జ్యూసు డబ్బా ఇచ్చి ఇదీ అదేనంటే తీసుకోవద్దు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, నెత్తి కట్టకుండా సమానంగా.

పొడిగాలి మనకి చేసే మేలు కూడా ఒకటుంది. తడిబట్ట అక్కడ నిజంగా చల్లబరుస్తుంది. మన తీరంలో తడి తువ్వాలు మెడ మీద వేసుకుంటే కాసేపట్లోనే వెచ్చబడి చిత్తడిగా మిగులుతుంది. అక్కడ నీరు చకచకా ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. పొందూరు ఖద్దరు తువ్వాళ్లు రెండు పట్టుకెళ్లండి, పల్చగా ఉండి నీళ్లు బాగా పడతాయి. ఒకటి తడిపి నీళ్ల సీసాకి చుట్టి, గాలి తగిలే చోట కొక్కేనికి వేలాడదీయండి. గంటలో నీళ్లు తాగడానికి హాయిగా ఉంటాయి. మధ్యాహ్నం బయట గాలి ఒంటి వేడిని మించితే కిటికీ తెరవడం తప్పు. ఎండ పడే వైపు అద్దం, రేకు రెండూ దించెయ్యండి.

దుమ్ము గురించి మీ భయం సరైనదే. థార్ ఇసుకలో సన్నటి పొడి భాగం ఉంటుంది, పిండిలా లేస్తుంది. వేసవిలో వచ్చే ఆంధీ అనే ధూళి తుఫానులో పట్టపగలే చీకటి కమ్ముతుంది. ఎక్కువైతే పట్టాల మీద ఇసుక పేరుకుని బళ్లు నెమ్మదిస్తాయి. జనవరిలో ఆ తాకిడి ఉండదు గానీ, వేగంగా పోయే బండి తనే దుమ్ము లేపుతుంది. స్లీపర్ కిటికీకి రెండు తలుపులుంటాయి. సందులున్న ఇనుప రేకు రాళ్లని, ఎండని ఆపుతుంది, దుమ్ముని ఆపలేదు. దుమ్ముని ఆపేది అద్దం. రేకు దించి అద్దం ఎత్తి ఉంచితే పెట్టె నిండా ఇసుకే, చాలామంది చేసే పొరపాటు ఇదే. గాలి కొట్టే వైపు అద్దాలు దించి, రెండో వైపు కింద నాలుగు వేళ్ల సందు ఉంచితే ఊపిరాడుతుంది, దుమ్ము తక్కువగా వస్తుంది. గడియ పడిందో లేదో చూసుకోండి, కుదుపుకి జారిపడితే వేళ్లు నలుగుతాయి.

బాబుని కిటికీ పక్క కాకుండా రెండో చోట కూర్చోబెట్టండి. పిల్లల సైజు ఎన్95 మాస్కు జోధ్‌పూర్ దాటాక వేయండి. అప్పటిదాకా అవసరం లేదు, అంతవరకు దారిలో ఎక్కువ భాగం అడవులు, పొలాలే. ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం చేతిసంచిలో ఉండాలి. అడుగున సర్దిన పెట్టెలో పెట్టి తాళం వేస్తే అవసరానికి అందదు. బయల్దేరే రెండు వారాల ముందు పిల్లల డాక్టరుకి చూపించి, ఎన్ని పఫ్‌లు, ఎంత వ్యవధిలో అని కాగితం మీద రాయించుకోండి. గత నెలలో ఒక్కసారైనా ఆయాసం వచ్చి ఉంటే, జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వరకైనా థర్డ్ ఏసీ తీయండి. ఆ పెట్టెల కిటికీలు బిగించి ఉంటాయి. దూరం తక్కువ కాబట్టి తేడా భరించగలిగేదే. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ఇంకెక్కడైనా తగ్గించండి, ఇక్కడ వద్దు. ఊడ్చేవాళ్లు వస్తే బాబుని పై బెర్తు ఎక్కించి, పొడి చీపురు కాకుండా తడిగుడ్డతో తుడవమని అడగండి.

కళ్లలో ఇసుక పడితే నలపకూడదు, సీసా నీళ్లతో కడగాలి. ముక్కు ఎండి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి. ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. రాత్రి పడుకునే ముందు ముక్కు అంచులకి, పెదాలకి వాజ్‌లీన్ రాస్తే అసలు అంతదాకా రాదు.

ఇక చలి. జనవరిలో జైసల్మేర్ వైపు రాత్రులు 5 నుంచి 8 డిగ్రీల దాకా పడతాయి. పరుగెత్తే బండిలో కిటికీ సందుల్లోంచి వచ్చే గాలికి అది ఇంకా తక్కువ అనిపిస్తుంది. మన అరకు చలి చూసినవాళ్లు కూడా దీన్ని తక్కువగా అంచనా వేస్తారు. స్లీపర్‌లో దుప్పట్లు ఇవ్వరు. మనిషికొక ఉన్ని రగ్గు, ఒక నూలు దుప్పటి. నూలుది కింద పరవండి, చలి సగం రెక్సిన్ బెర్తు నుంచే ఎక్కుతుంది. చెవులు మూసే టోపీ, రెండు జతల మేజోళ్లు, లోపల ఒక థర్మల్ బనియను. మందపాటి స్వెట్టరు ఒక్కటి కంటే పల్చటివి రెండు మేలు, పగలు 24 డిగ్రీలు వచ్చినప్పుడు ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు. కిటికీ అంచు సందుల్లో పాత వార్తాపత్రిక మడిచి దూర్చండి. ఒక ఫ్లాస్కు పట్టుకెళ్లి టీ దుకాణంలో వేడినీళ్లు పోయించుకోండి. కరెంటు కెటిల్ రైల్లో వాడటం నిషేధం. ఛార్జింగ్ ప్లగ్గులకి రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు కరెంటు తీసేస్తారు కాబట్టి ఫోన్లు పొద్దుండగానే ఛార్జ్ చేసుకోండి.

తిండికి పెద్దగా చెప్పేదేమీ లేదు. చింతపండు పులిహోర మొదటి రోజంతా ఉంటుంది. చపాతీలు రెండో రోజుకి ఎండిపోతాయి, తడిపి పిండిన బట్టలో చుట్టి డబ్బాలో పెడితే మెత్తగా ఉంటాయి. పలాస జీడిపప్పు, వేరుశనగ ఉండలు, అటుకులు, అరటిపళ్లు చాలు. మందస కోవా పిల్లాడు అడుగుతాడు గానీ పాల సరుకు మొదటి రోజే తినెయ్యాలి. ఆవకాయ, జంతికలు తగ్గించండి, ఉప్పు దాహం పెంచుతుంది. రాజస్థాన్ స్టేషన్లలో మిర్చీ వడ, ఉల్లి కచోరీ బాగుంటాయి, కళ్లెదుట నూనెలోంచి తీసినవైతేనే.

అత్తగారి మాత్రలు ప్రయాణంలో మానకూడదు. అయితే కొన్ని బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసే మందు ఉంటుంది, పొడిగాలిలో అది నీళ్లు ఇంకా లాగేస్తుంది. ఆవిడవి అలాంటివేమో, ప్రయాణంలో ఎలా వేసుకోవాలో డాక్టరుని అడగండి. మందులు నాలుగు రోజులు ఎక్కువే పెట్టుకోండి, చీటీ ఫొటో ఫోన్లో ఉండాలి. రెండు గంటలకోసారి ఆవిడ చేత పెట్టె లోపల అటూ ఇటూ నడిపించండి, మోకాళ్లు బిగుసుకోవు. ఎవరికైనా మాట తడబడినా, వాంతులతో మగతగా అయినా 139కి ఫోన్ చేసి పీఎన్ఆర్, పెట్టె, బెర్తు నంబరు చెప్పండి, వచ్చే స్టేషన్‌లో డాక్టరుని పిలుస్తారు. ఎండదెబ్బలా ఉంటే మెడ, చంకలు, గజ్జల్లో తడిబట్టలు వేసి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యొద్దు.

జోధ్‌పూర్‌లో బండి మారేటప్పుడు కనీసం 8 గంటల వ్యవధి ఉంచండి. ఇంత దూరం వచ్చే బండి నాలుగైదు గంటలు ఆలస్యమైనా ఆశ్చర్యం లేదు. రెండు టిక్కెట్లలోనూ అవే పేర్లు, అవే వివరాలు ఉంటే ఐఆర్‌సీటీసీలో రెండు పీఎన్ఆర్‌లని కలపవచ్చు. మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే, రద్దు ఛార్జీ లేకుండా ఆ టిక్కెట్టు డబ్బు తిరిగొస్తుంది. మొదటి బండి దిగిన 3 గంటల్లోపు టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు వేయాలి. స్టేషన్‌లో రిటైరింగ్ రూము మీ పీఎన్ఆర్‌తోనే దొరుకుతుంది. సామాను క్లోక్‌రూములో పెట్టాలంటే ప్రతి సంచికీ తాళం ఉండాలి, చిన్న తాళాలు నాలుగు సర్దుకోండి.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కి వీలైతే పగటి బండి ఎంచుకోండి. రాత్రి బండిలో చలి తప్ప ఏమీ తెలియదు. ఇసుక తిన్నెలు కిటికీలోంచే కనపడతాయని బాబుకి ముందే ఆశ పెట్టకండి. దారిలో ఎక్కువగా గట్టినేల, రాళ్లు, ముళ్లపొదలు, గంటెల (సజ్జల) మోళ్లున్న పొలాలు కనిపిస్తాయి. తిన్నెలు చూడాలంటే జైసల్మేర్ నుంచి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్‌కి వెళ్లాలి. దారిలో ఒక్కటి మాత్రం చూపించండి. పొలాల మధ్య అక్కడక్కడా నిలబడే, కొమ్మలు నరికిన చెట్లు ఖేజ్డీలు, అంటే మన జమ్మిచెట్లే. ఆకు మేకలకి, ఒంటెలకి మేత, కాయ కూర. దసరాకి మనం ప్రదక్షిణ చేసే చెట్టు అక్కడ ఊళ్లని బతికిస్తోంది. ఫలోదీ దగ్గర ఖీచన్ ఊరికి చలికాలంలో వలస కొంగలు వేలల్లో వస్తాయి. అక్కడ ఒక పూట దిగే వీలుంటే తప్పక దిగండి.

తిరిగి వచ్చే టిక్కెట్టు వేళ చూసేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. జైసల్మేర్ మనకి పడమరగా 13 రేఖాంశాల దూరంలో ఉంది, గడియారం ఒకటే అయినా జనవరిలో పొద్దు మనకంటే గంటకి పైగా ఆలస్యంగా పొడుస్తుంది. జనవరిలో అక్కడ తెల్లవారేసరికి ఏడున్నర. ఉదయం 5 గంటలకి బండి అంటే అర్ధరాత్రి చలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడటమే. అలాంటి బండి తప్ప దొరక్కపోతే, దిగిన లాడ్జీలో ముందురోజే ఆటో మాట్లాడుకుని, రగ్గులు సంచిలో అడుగున కాకుండా పైన పెట్టుకోండి.